సమస్యాపూరణం: పిట్ట గోటఁ జిక్కెఁ బెద్ద యేన్గు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. మొదటి మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూరించాలి.

*పిట్ట గోటఁ జిక్కెఁ బెద్ద యేన్గు*

పూరణకు ఆధారం గండభేరుండం. రెండు తలలు, ఒక్క ఒళ్లు, ముక్కుల్లోనూ గోళ్లలోనూ ఏనుగులు. ఈ పక్షిని ఏ అడవిలోనూ ఎవరూ చూడలేదు. అయినా శిల్పులూ టంకసాలవారూ కలిసి దానికి ఒళ్లు, తిండి, శత్రువులు, అన్నీ సమకూర్చారు. దాని బతుకు దగ్గరనుంచి చూసినట్టు రాయండి. గరుత్మంతుణ్ణి మాత్రం పిలవవద్దు. ఆయన వస్తే ఇక సమస్యే ఉండదు.

పాతవరహా:

అచ్యుతేంద్రు నాణె మరచేతఁ బెట్టితి;
కనులు నులిమి చూడఁ గానఁబడియె
రెండు తలల పులుఁగు, రేఖలో దాఁగిన
పిట్ట గోటఁ జిక్కెఁ బెద్ద యేన్గు.

విజయనగర రాజు అచ్యుతదేవరాయలు (1529–1542) వేయించిన బంగారు నాణేల మీద ఈ పక్షి ఏనుగులను పట్టుకుని ఉంటుంది. లేపాక్షి వీరభద్రాలయం కట్టిన కాలమూ అదే. ఏనుగులంటే విజయనగరానికి శత్రువులైన ఒడ్డె రాజులు, గజపతులని నా ఊహ.

నిర్వాహకుడు:
యతులు, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కలిసే అక్షరాలు, చక్కగా కుదిరాయి. 'నాణె మరచేత' దగ్గర అచ్చుకు అచ్చు చెల్లింది. గోరంత నాణెంలో ఏనుగు ఇమిడిందనే చమత్కారం కూడా బాగుంది. కానీ పద్యంలో కనిపించేది నాణెమే, పక్షి కాదు. రెండు తలలన్నారు గానీ ఆ రెండో తల చేసిన పని ఏదీ? ఒక తల చెరిపేసినా పద్యం చెక్కుచెదరదు. గజపతుల ఊహను కింద రాయకుండా పద్యంలోనే దూర్చి ఉంటే దెబ్బ గట్టిగా తగిలేది.

కొంటెకోణంగి:

కశ్యపుండు చూపఁ గరిని గచ్ఛపమును
కడుపు కాలి గరుడుఁ డొడిసి పట్టె;
రెక్క విప్పినంత దిక్కులె చీఁకట్లు;
పిట్ట గోటఁ జిక్కెఁ బెద్ద యేన్గు.

వద్దన్నారు కదా అనే రాశాను.

నిర్వాహకుడు:
తెలుస్తూనే ఉంది! 'కడుపు–ఒడిసి', 'రెక్క–దిక్కు' అని వరుసగా రెండు పాదాల్లో ప్రాసయతి (మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరాన్ని జత కలపడం) వేసి నడకకు ఊపు తెచ్చారు. ఛందస్సుకు వంక పెట్టలేను. భారతం ఆదిపర్వంలో గజకచ్ఛపాలను, అంటే ఏనుగునూ తాబేలునూ, మోసుకుపోయినవాణ్ణి 'పిట్ట' అనడమే మింగుడు పడదు. అమృతం తేవడానికి వెళ్తున్నవాడాయన, కాస్త మర్యాద ఉండాలి. పోటీకి లెక్కించను.

బేలూరుబాటసారి:

జింకఁ బాము మ్రింగెఁ; జిక్కెఁ బా మేన్గుకు;
నేనుఁగునకు సింగ మెదురు వచ్చె;
సింగమునకు శరభ, మా శరభము మీఁది
పిట్ట గోటఁ జిక్కెఁ బెద్ద యేన్గు.

కర్ణాటకలోని బేలూరు చెన్నకేశవాలయంలో ఈ గొలుసంతా ఒకే శిల్పంలో ఉంది. శరభమంటే సింహాన్నే అణచే పురాణ మృగం. అందరికన్నా పైన గండభేరుండం.

నిర్వాహకుడు:
ఇప్పటిదాకా వచ్చినవాటిలో భావం మీదే పెద్దది. ఒకదాన్ని మించి ఒకటిగా పేర్చుకుంటూ పోయి, చివరి మెట్టు మీద ఎవరూ ఎరగని పక్షిని కూర్చోబెట్టారు. తెలిసిన జంతువులు అయిపోయాక కొత్తదాన్ని పుట్టించడం తప్ప శిల్పికి మరో దారి లేదు మరి. అయితే మూడో పాదంలో యతి తప్పింది. 'సిం'కు 'ఆ' ఎలా పొత్తు? ప్రాసయతి అనుకుందామన్నా 'ంగ' ఎక్కడ, 'శ' ఎక్కడ?

బేలూరుబాటసారి:
మూడో పాదం ఇలా మారిస్తే?

*శరభ మడఁచె దాని, శరభంబుపై నెక్కు*

నిర్వాహకుడు:
భేష్. 'సింగమునకు' అని మళ్లీ చెప్పే పని కూడా తప్పింది. ఇంకొక్క మెలిక ఉంది. పక్షి పట్టింది శరభాన్ని కదా, మరి ఏనుగు గోటికెలా చిక్కింది? గొలుసులో పై కొస పట్టుకుంటే కింది కొసా కదిలి వస్తుందని సర్దుకుంటాను.

లెక్కలమాస్టారు:
నాది కొంచెం వేరే దారి.

ఎగిరి యెఱుఁగ దొకటి, యెత్తు పదడుగులు,
దూర దీవిలోనఁ దుదకు నణఁగె;
పేరు పెట్టువారి పిచ్చిచేఁ గాక, యే
పిట్ట గోటఁ జిక్కెఁ బెద్ద యేన్గు?

మడగాస్కర్ దీవిలో రుఖ్ అనే పక్షి ఏనుగులను ఎత్తుకెళ్లి కింద పడేసి తింటుందని మార్కోపోలో విన్నాడు. ఆ దీవిలో నిజంగానే ఒక మహాపక్షి ఉండేది. దాని గుడ్డే అడుగు పొడవు. దాన్ని 'ఏనుగు పక్షి' అంటున్నారు. అది ఎగరలేదు, ఆ దీవిలో ఏనుగులూ లేవు! పక్షి పొడవు రెట్టింపైతే రెక్కల వైశాల్యం 4 రెట్లు, బరువు 8 రెట్లు అవుతుంది. అందుకే ఇవాళ ఎగిరే పక్షుల్లో ఎంత పెద్దదైనా సుమారు 20 కిలోలే. అప్పుడే పుట్టిన ఏనుగు పిల్లే 100 కిలోల దాకా తూగుతుంది.

నిర్వాహకుడు:
సమస్యను ప్రశ్నగా తిప్పేశారు. అవధానాల్లో పండిపోయిన ఎత్తుగడ, ఇక్కడ అందంగా అతికింది. మూడో పాదం చివర 'యే' అని ఆగి, ఊపిరి తీసుకుని, పాత పాదాన్నే కొత్త గొంతుతో చదవాలి. కానీ మాస్టారూ, మేం పక్షిని అడిగితే మీరు అది లేదని రుజువు చేశారు. 8 రెట్ల బరువు లెక్క గండభేరుండానికి చెప్పి చూడండి!

కలువపూడి:
పంచతంత్రంలో భారుండ పక్షి కథ చిన్నప్పుడు విన్నాను. రెండు తలలు, ఒకటే పొట్ట. ఒక తల తీయని పండు తిని రెండోదానికి పెట్టదు. రెండోది కక్షకొద్దీ విషఫలం తింటుంది. రెండూ చస్తాయి. నాణేల మీద గెలిచే పక్షికీ ఈ చచ్చే పక్షికీ తేడా ఎక్కడని ఆలోచిస్తే ఇది వచ్చింది.

తలలు రెండు; కడుపు తక్కువే, యొక్కటె;
ఆకలెవరి దనుచు నడుగ వలదు;
రెండు వాదులాడి తిండిపైఁ గలిసిన
పిట్ట గోటఁ జిక్కెఁ బెద్ద యేన్గు.

కొంటెకోణంగి:
'తక్కువే' అన్నాక మళ్లీ 'యొక్కటె' దేనికి? గణం నింపడానికేనా?

నిర్వాహకుడు:
కాదు. తలలు రెండని చెప్పి, కడుపు 'తక్కువే' అని ఒక్క క్షణం ఊరించి, 'ఒక్కటె' అని తేల్చడంలో వెక్కిరింపు ఉంది. నేనైతే 'వలదు' దగ్గర అడ్డుపడతాను. అక్కడ పద్యం కథ చెప్పడం మాని మనకు బుద్ధి చెబుతోంది. అంతకు మించి లోపం లేదు. ఇన్ని పూరణల్లో గండభేరుండం ఒంటి నిర్మాణమే ఏనుగు చిక్కడానికి కారణమైంది ఇందులో మాత్రమే. రెండో తలను తీసేస్తే ఈ పద్యం నిలవదు. మైసూరు ఒడెయర్ల చిహ్నంలోనూ, ఇప్పటి కర్ణాటక రాజముద్రలోనూ ఆ తలలు రెండూ చెరోవైపు తిరిగి ఉంటాయి. కలువపూడిగారు వాటిని ఒకే కంచం ముందు కూర్చోబెట్టారు.

ఈ వారం మొదటి స్థానం కలువపూడిగారిది. సవరించిన మూడో పాదంతో బేలూరుబాటసారిగారిది రెండోది. మాస్టారి ప్రశ్నకు ప్రత్యేక ప్రశంస.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే:

*హంస పాలు విడిచి యంబుఁ గ్రోలె*

పాలలో కల్తీ జరిగిందనే పూరణ ఎలాగూ పది మందికి తడుతుంది. అది తప్ప ఇంకేదైనా రాయండి.