కరఁగుచున్నదా, తిరుగుచున్నదా?

దేవరకొండ నుంచి: మా నాయనమ్మ రోజూ దీపం పెట్టాక పోతన భాగవతం అందుకునేది. అట్ట ఊడి, నూనె వేళ్ల మరకలు పడి, తెరిస్తే ప్రహ్లాదుడి దగ్గరే విచ్చుకునే పుస్తకం. యాదగిరిగుట్ట బస్సులోనూ అవే పద్యాలు గొణుక్కునేది. వాటిలో ఒకటి నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. "ఇను మయస్కాంత సన్నిధి నెట్లు భ్రాంతమగు" అని మొదలై, తర్వాత "తిరుగుచున్నది దైవయోగమునఁ జేసి" అని గుర్తు. అయస్కాంతం దగ్గర ఇనుములా హరి సన్నిధిలో తన చిత్తం అవుతోందని ప్రహ్లాదుడు చెప్పే పద్యం. అది "కరఁగుచున్నది" అని మా అన్నయ్య వాదన. ఏది సరి? ఇంకో సంగతి. చదవగా చదవగా మనసు దానంతటదే మారుతుందనేది నాయనమ్మ. పద్యం చెప్పేది అదేనా?

మిర్యాలగూడ నుంచి: "గరఁగుచున్నది". తేటగీతి కదమ్మా, పాదం మొదటి అక్షరానికి నాలుగో గణంలో "గమున" యతి, అంటే రెండు అక్షరాలూ కలవాలి. అక్కడ "తి" పెడితే యతి పోయినట్టే. అర్ధసున్న కూడా వదలకండి.

వనపర్తి నుంచి: యతి సరే మాస్టారూ, అయస్కాంతం దగ్గర ఇనుము కరగడం ఎక్కడైనా చూశారా? సంస్కృత మూలంలో "యథా భ్రామ్యత్యయో బ్రహ్మన్" అని ఉంది. భ్రామ్యతి అంటే తిరుగుడే. నాయనమ్మగారే మూలానికి దగ్గరగా చదివారు.

మిర్యాలగూడ నుంచి: మొదటి పాదంతో ఆపేస్తే ఎలా? మనసు దగ్గరికి వచ్చేసరికి మూలంలో క్రియ మారింది: "తథా మే భిద్యతే చేతః". పగలడం, మార్పు చెందడం, రెండూ ఉన్నాయి అందులో. పోతన దాన్ని కరిగించాడు. తిరుగుడును "భ్రాంతము"లో పెట్టి, ఇనుముకు ఒకసారి, చిత్తానికి ఒకసారి వాడుకున్నాడు.

నకిరేకల్ నుంచి: మా ఇంటి వెనుక కొలిమి ఉండేది. పాత రేడియో స్పీకరు అయస్కాంతాన్ని తాడుకు కట్టి, ఎర్రగా కాలిన నాగలి కర్రు దగ్గర వేలాడదీశాం. కదల్లేదు. కర్రు చల్లారాక టక్కున అతుక్కుంది. 770 డిగ్రీలు దాటిన ఇనుమును అయస్కాంతం పట్టుకోలేదని కాలేజీలో చెప్పారు. కాబట్టి కరగడం ఇనుముది కాదు, చిత్తానిదే.

అచ్చంపేట నుంచి: ఆ పక్కనే "మందార మకరంద" పద్యం ఉందిగా! మందార మకరందం రుచి మరిగిన తుమ్మెద మదనములకు పోతుందా అని. "మదనములకు" అంటే ఉమ్మెత్త అని అందరూ చెప్పేస్తారు. మంగ చెట్టు ఎందుకు కాకూడదు? మదనఫలం అంటే మంగకాయ, వైద్యంలో వాంతి చేయించే మందు. మకరందం తాగే తుమ్మెదకు వాంతిమందు! కింద కుటజం, అంటే కొడిశపాల, విరేచనాలు కట్టడానికి ఇచ్చే చేదు పట్ట. పోతనకు మూలికలు తెలుసంటాను.

మిర్యాలగూడ నుంచి: ఇన్నాళ్లూ ఆయన చేత నాగలి పట్టించారు, ఇప్పుడు మందు నూరే కల్వమా? పద్యం చివరి ఎత్తుగీతిలో "విశేష మత్త చిత్తము" ఉంది. ఆ మత్తుకు పోటీ రావాలంటే ఉమ్మెత్త మత్తే రావాలి.

అచ్చంపేట నుంచి: అది "చింతనామృత పాన" మత్తు. తాగింది కడుపులో నిలవాలి. నా మంగ చెట్టు నాదే.

దేవరకొండ నుంచి: నా రెండో ప్రశ్న?

వనపర్తి నుంచి: "దైవయోగమునఁ జేసి" అన్నాడు, మూలంలో "యదృచ్ఛయా", అనుకోకుండా అని. చదువు చేసిన పని కాదు. గురువులు చండామార్కులు ప్రహ్లాదుడిని అంత చదివించారు, ఏమైనా అంటిందా?

నకిరేకల్ నుంచి: తల్లి కడుపులో నారదుడి మాటలు విన్నాడు కదా, అది ఏ లెక్కలోకి వస్తుంది?

వనపర్తి నుంచి: వినడం వేరు, చదవడం వేరు.

దేవరకొండ నుంచి: నాయనమ్మ పైకే చదివేది, అంటే తాను చదువుతూ తానే వినేది. ఇప్పుడే పుస్తకం తీశాను. "గరఁగుచున్నది" అనే ఉంది. నూనె మరక సరిగ్గా ఆ మాట మీదే పడింది. చివరి రోజుల్లో ఆమె కళ్లకు అక్కడ ఏ అక్షరం కనిపించిందో మరి.

అచ్చంపేట నుంచి: ఆ పుటలోనే "మదనములకు" కింద అర్థం ఏమిచ్చారో కాస్త చూసి చెప్పండి.