సమాధానం కొవ్వొత్తి నేను వెలిగించాలట, అన్నయ్యతో మాటల్లేవు

తెనాలి_అమ్మాయి:
అందరికీ వందనాలు. ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలూ, చర్చిలో వారానికో కొవ్వొత్తి వెలిగిస్తాం కదా, రెండో ఆదివారం సమాధానం (శాంతి) కొవ్వొత్తి మా కుటుంబాన్ని వెలిగించమని అడిగారు. సరేనన్నాను గానీ అప్పటినుంచి ఒకటే టెన్షన్. నాన్న పోయి రెండేళ్లయింది, ఇంటి పంపకాల దగ్గర అన్నయ్యకీ నాకూ మాటా మాటా పెరిగి చివరికి మాటలే ఆగిపోయాయి. వదిన రెండుసార్లు ఫోన్ చేస్తే నేనే ఎత్తలేదు. మొన్న ఈస్టర్‌కి అన్నయ్య వాట్సాప్‌లో "నాన్న కళ్లద్దాలు మా బీరువాలో దొరికాయి, కావాలంటే పంపిస్తా" అని పెట్టాడు. చదివాను, ఊరుకున్నాను. ఇంటికి రంగులేయించాం, స్టార్ కట్టేశాం, పిల్లలకి బట్టలు కుట్టడానికిచ్చాం. ఆ కొవ్వొత్తి దగ్గర నిలబడడానికి మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. వేరేవాళ్లని చూసుకోమని చెప్పేయనా?

గుంటూరు_లూథరన్:
చెప్పొద్దమ్మా. ఆ కొవ్వొత్తుల చక్రం ఎలా మొదలైందో తెలుసా? 1839లో హాంబర్గ్‌లో విఖెర్న్ అనే లూథరన్ పాస్టర్ గారు దిక్కులేని పిల్లల్ని చేరదీసి సాకుతుండేవారు. క్రిస్మస్ ఎప్పుడు, ఇంకా ఎన్ని రోజులు అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, ఒక బండిచక్రం మీద ఆదివారాలకి పెద్ద తెల్లవి నాలుగు, మిగతా రోజులకి చిన్న ఎర్రవి పెట్టి రోజుకొకటి వెలిగించారు. అంటే అది పండుగ ఇంకా రానివాళ్ల దీపం. మీ ఇంట్లో సమాధానం ఇంకా రాలేదు, దానికోసం చూస్తున్నారు, కాబట్టి ఆ అగ్గిపుల్ల మీ చేతికి రావడమే సరైంది. యెషయా 40లో "ప్రతి లోయను ఎత్తు చేయవలెను" అని ఉంది కదా, లోయ ఒక్క రోజులో పూడదు, ముందు ఒక తట్టెడు మట్టి పోయండి.

ఫిరంగిపురం_బిడ్డ:
మేము కేథలిక్కులం అక్కా. ఈ నాలుగు ఆదివారాలూ పూజలో మహిమ గీతం పాడం. భూమ్మీద శాంతి అని దేవదూతలు పాడిన ఆ పాట క్రిస్మస్ రాత్రి గంటలు మోగుతుంటే మళ్లీ అందుకుంటాం, అప్పటిదాకా గుడిలో ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. చిన్నప్పుడు ఎందుకో అర్థమయ్యేది కాదు. మా అమ్మ ఈ రోజుల్లోనే పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, తీసుకెళ్లేది, వెళ్లేముందు ఎవరితో మాట్లాడడం లేదో వాళ్ల పేర్లు తలుచుకోమనేది. ఆ పేర్లు తలుచుకోవడమే కష్టం, నిజంగా. రోజూ పడుకునేముందు మీ అన్నయ్య పేరు, వదిన పేరు, వాళ్ల పిల్లల పేర్లు పెట్టి ప్రార్థన చేయండి, ఏమీ అడక్కపోయినా పర్లేదు.

విశాఖ_టీచర్:
ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సమాధానపడడమంటే వాటా వదులుకోవడం కాదు. చర్చిల్లో ఆడపిల్లలకే ఈ సర్దుకుపొమ్మనే సలహా ఎక్కువ ఇస్తారు, నాకది బాధగా ఉంటుంది. అందరితో సమాధానంగా ఉండమన్న పౌలు కూడా "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అనే రాశాడు రోమా 12లో. చేయిచేసుకునే మనిషైతే దూరంగానే ఉండమంటాను. మీ అన్నయ్య అలాంటివాడు కాదనిపిస్తోంది, కళ్లద్దాలు దొరికాయని రాసినవాడు. ఇల్లు సంగతి పెద్దమనుషుల దగ్గరో లాయరు దగ్గరో తేలుతుంది, తేలనివ్వండి. కానీ మత్తయి 5లో యేసు అర్పణ విడిచిపెట్టి మొదట వెళ్లి సమాధానపడమన్నది ఎవరిని? తన మీద సహోదరునికి ఏదో ఉందని గుర్తొచ్చినవాణ్ని. మీకు గుర్తొచ్చింది ఆ మెసేజే. మన బైబిల్లో శాంతికి వాడిన మాట సమాధానమే, మీ అన్నయ్య అడిగిందీ అదే, ఎనిమిది నెలలుగా.

తెనాలి_అమ్మాయి:
టీచర్ గారూ, మీది చదివి చాలాసేపు ఏడ్చాను. ఫిరంగిపురం తమ్ముడు చెప్పినట్టు నాలుగు రాత్రులు పేర్లు తలుచుకున్నాను, వదిన పేరు దగ్గర రెండు రోజులు గొంతు పెగల్లేదు. కొవ్వొత్తికి రానని చెప్పడం లేదు. ఇల్లు గురించి ఒక్క ముక్క రాయలేదు. "కళ్లద్దాలు పంపొద్దు అన్నయ్యా, శనివారం నేనే వచ్చి తీసుకుంటాను, వదినకి చెప్పు" అని ఇప్పుడే పెట్టాను. రెండు టిక్కులు పడ్డాయి, ఇంకా నీలం కాలేదు.