“బయటపడింది” సరే, బయటపెట్టిందెవరు?

పురావస్తు వార్త ఏది చదివినా ఇదే వరస: “తవ్వకాల్లో పాత గోడ బయటపడింది”, “కుండలు వెలుగుచూశాయి”. రెండూ చక్కటి తెలుగు వాడుకలే. కానీ అలా రాస్తే గోడ దానంతట అదే పైకి వచ్చినట్టు ఉంటుంది. తవ్విన మనిషికి ఆ వాక్యంలో చోటే లేదు.

మట్టిలో మట్టిగోడను పట్టుకోవడం ఎంత కష్టమో చూడండి. పచ్చి ఇటుకల గోడ కూలితే చుట్టూ పేరుకునేదీ ఆ మట్టే. తెలియనివాడు పార వేస్తే గోడ కూడా తట్టలోకి వెళ్ళిపోతుంది. చేయి తిరిగినవాడు తాపీతో పైపైన పల్చగా గీకి, నేల ఆరే తీరు చూస్తాడు. ఇటుకా, అతుకుమట్టీ ఒకే వేగంతో ఆరవు. అతుకుల గీతలు కాసేపు కనిపించి మాయమవుతాయి, ఆలోపే వరస గుర్తుపట్టాలి. తాపీ కింద మట్టి ఉన్నట్టుండి గుల్లగా తోస్తే వెంటనే చెయ్యి ఆపుతాడు. అది ఎప్పుడో తవ్వి, తర్వాత పూడిపోయిన గుంట కావచ్చు. అందులోని కుండపెంకుల్ని పక్క పొర పెంకుల్లో కలిపేస్తే కాలనిర్ణయం తారుమారే. ఒకసారి తీసేసిన పొరను మళ్ళీ తవ్వి చూసుకోలేం కదా!

ఇంత పని తెలిసినవాళ్ళను మనం “కూలీలు” అని సరిపెడుతున్నాం. ఈజిప్టులో 1890లలో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ కుఫ్త్ ఊరివాళ్ళకు తవ్వకంలో తర్ఫీదు ఇచ్చాడు. ఆ పని తరాలుగా కొనసాగి, అక్కడి తవ్వకాల్లో “కుఫ్తీ” అంటే ఆరితేరిన పనివాడనే అర్థం స్థిరపడింది. ఊరి పేరే వృత్తి పేరైంది. అయినా నివేదికల్లో రచయితలుగా వాళ్ళ పేర్లు అరుదు.

మరి వాళ్ళను ఏమని పిలవాలి? ఒకరి ప్రశ్న: “కూలీలు” బదులు “తవ్వకం నిపుణులు” అంటే సరిపోదా?

అలా అంటే చదివేవాళ్ళు తవ్వకాలు నడిపించే డైరెక్టరు గారే అనుకుంటారండి. “తవ్వకందారు” మరీ అతికించినట్టుంది. నా ఓటు “తవ్వకం పనివారు”కే. పనితనం అన్న మాట పుట్టింది ఆ “పని”లోంచే, అందులో చిన్నచూపు లేదు. క్రియ కూడా మారుద్దాం: “తవ్వకం పనివారు పచ్చి ఇటుకల గోడను గుర్తించి వెలికితీశారు.” వార్త రాసేవాళ్ళకు పెరిగేది రెండు మూడు మాటలే.