వానాకాలంలో గేమ్ డిస్కులు: మూత బిగించిన డబ్బానా, గాలి ఆడే అరనా?

ఉప్పుగాలి, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. ప్లేస్టేషన్ 1 నుంచి 4 దాకా పోగేసిన డిస్కులు నా దగ్గర ఓ అల్మారా నిండా ఉన్నాయి. ఇల్లు సముద్రానికి దగ్గర. అల్మారా గోడలోనే సిమెంటు అరలతో కట్టినది, దాని వెనక వానకు తడిసే బయటి గోడ. ఆషాఢం దాటిందంటే కేసు తెరవగానే ముక్కిన వాసన వస్తోంది. కొన్ని మాన్యువల్ పుస్తకాల అట్టల మీద బూడిద రంగు చుక్కలు కనిపిస్తున్నాయి. డిస్కులు ఇంకా శుభ్రంగానే ఉన్నాయి.

రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు కొని, సిలికా జెల్ (తేమను పీల్చే గింజలు) వేసి, అన్నీ అందులో సర్దేద్దామని నా ఆలోచన. మా అన్నయ్య ఒప్పుకోవడం లేదు. గాలి ఆడని చోటే బూజు పడుతుందని, డబ్బాలో మూసిపెడితే చేతులారా పెంచినట్టేనని అంటాడు. మీరేమంటారు? కారణం చెప్పి వాదించండి. ‘మా ఇంట్లో ఏమీ కాలేదు’ అనే మాట వల్ల నాకు ప్రయోజనం లేదు.

సీమ ఎండ, అనంతపురం

మీ అన్నయ్యగారికే నా ఓటు. బూజుకు కావలసింది చెమ్మ, కదలని గాలి. మూత బిగించిన డబ్బా రెండింటినీ కాపాడి పెడుతుంది. పగలు 32 డిగ్రీల వేడిలో, 70 శాతం తేమలో మూత వేశారనుకోండి. రాత్రి ఏసీ వేసి గదిని 24 డిగ్రీలకు దించారు. ఆ గాలికి 26 డిగ్రీల దగ్గరే నీరు పట్టడం మొదలవుతుంది. అంటే మీ డిస్కుల మీద, మీ చేతులతో మూసిన డబ్బాలోనే, తడి చేరుతుంది.

ఇనుప అర ఒకటి కొనండి. గోడకు రెండంగుళాల ఎడం ఉంచండి, కేసులను నిలువుగా సర్దండి, అప్పుడప్పుడు ఫ్యాను తిప్పండి. ఇంతకు మించి పెట్టే ఖర్చు దండగ.

గోదారి గేమర్, కాకినాడ

సీమ ఎండ గారూ, మీ సమాధానం మీ పేరులోనే ఉంది. వాన బాగా తక్కువ పడే జిల్లా మీది. మీకు గాలి ఆడితే తడి ఆరుతుంది. మాకు గాలి ఆడితే తడి వస్తుంది. ఫ్యాను తేమను తీసేయదు, ఉన్న గాలినే తిప్పుతుంది. శ్రావణ మాసంలో మా గదిలో 80 శాతం ఉంటే అరలోనూ 80 శాతమే. 65, 70 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే చాలు, బూజు లేస్తుంది. సముద్రం పక్కన ఉన్నవారికి తెరిచిన అర సలహా ఇవ్వడం నాకు అర్థం కాదు.

సీమ ఎండ, అనంతపురం

ఫ్యాను తేమను తీసేస్తుందని నేను అనలేదు. గది సగటు 70 ఉన్నప్పుడు చల్లని బయటి గోడను ఆనుకున్న మూలలో అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. బూజు పుట్టేది ఆ మూలలోనే. గాలి కదిలితే ఆ తేడా పోతుంది. ఉప్పుగాలి గారి అల్మారా సరిగ్గా అలాంటి గోడలోనే ఉంది. జబ్బు గోడలో ఉంటే మందు డబ్బాకు వేస్తున్నారు మీరు.

పాత బీరువా, రాజమహేంద్రవరం

ఇంత వాదన ఎందుకండీ? మా ఇంట్లో పట్టుచీరలకూ డిస్కులకూ ఒకటే బీరువా. నాలుగు కలరా ఉండలు, గుప్పెడు వేపాకు వేస్తాం. అంతే.

పాత కాగితం, హైదరాబాద్

నేను గ్రంథాలయంలో పాత పుస్తకాలూ సీడీలూ భద్రపరిచే పనిలో ఉన్నాను. బీరువా గారూ, కలరా ఉండలు దయచేసి వద్దు. ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్కును మెత్తబరుస్తుంది. ప్లేస్టేషన్ 1 నాటి పెళుసు కేసులు పాలీస్టైరీన్‌వి, వాటికి అసలే పడదు. పచ్చి వేపాకైతే మీరే తేమను లోపల పెట్టి తలుపు వేసినట్టు. రెండూ పురుగుకు పనికొస్తాయేమో, బూజు సంగతి వేరు.

ఇక మిగతా ఇద్దరికీ. మీరు డిస్కు గురించి వాదిస్తున్నారు, బూజు మాత్రం కాగితం మీద మొదలైంది. ఆ సంగతి ఉప్పుగాలి గారు మొదటే చెప్పారు. డిస్కు తయారయ్యే ప్లాస్టిక్కు, పాలీకార్బొనేట్, బూజుకు ఇష్టమైన తిండి కాదు. దానికి కావలసింది మాన్యువల్‌లోని సెల్యులోజు, కుట్టు దగ్గరి జిగురు, వేలిముద్రల జిడ్డు, దుమ్ము. డిస్కునే తిన్న ఫంగస్ ఒకటి ఉన్నమాట నిజమే. మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి వచ్చిన పాడైన సీడీని స్పెయిన్ శాస్త్రవేత్త హవియెర్ గార్సియా గినియా పరిశీలిస్తే, జియోట్రైకమ్ అనే రకం ఫంగస్ అంచు నుంచి లోపలికి పోయి ప్లాస్టిక్కునూ అల్యూమినియాన్నీ తినేసినట్టు తేలింది. 2001లో ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. ఇప్పటికీ ఎవరో ఒకరు దాన్ని చూపించి భయపెడుతూనే ఉంటారు. అరుదు కాబట్టే అది వార్త అయింది.

డిస్కుకు తేమ వల్ల వచ్చే అసలు ప్రమాదం అల్యూమినియం పొరకు. అది ఎక్కడుందన్నది డిస్కు రకాన్ని బట్టి మారుతుంది. సీడీలో ఆ పొర బొమ్మ ఉన్న వైపే, కొన్ని మైక్రాన్ల పూత కింద ఉంటుంది. చదివే వైపు మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్కు అడ్డు ఉంది కాబట్టి అక్కడి గీతలను అరగదీసి బాగుచేయవచ్చు. బొమ్మ వైపు గీత పడితే తేమ నేరుగా లోహాన్ని చేరుతుంది. అందరూ కింది వైపు కాపాడుకుంటూ పై వైపు నేల మీద పెడతారు! డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటిని అతికిస్తారు, పొర మధ్యలో భద్రంగా ఉంటుంది, అంచు దగ్గర అతుకు వదిలితేనే చిక్కు. బ్లూరేలో పొర చదివే వైపుకు 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉన్నా దాని మీద గట్టి పూత ఉంటుంది. కాబట్టి ముందు చూసుకోవలసినవి సీడీలైన ప్లేస్టేషన్ 1 డిస్కులు, ఆ తర్వాత ప్లేస్టేషన్ 2లో నీలం అడుగుతో వచ్చిన సీడీలు. బ్లూరేలైన ప్లేస్టేషన్ 4 డిస్కుల గురించి నేనైతే నిద్ర మానుకోను.

సీమ ఎండ గారి 26 డిగ్రీల లెక్క సరైనదే, పరిమాణం మాత్రం మరిచారు. 20 లీటర్ల డబ్బాలో ఆ గాలి మోసే నీరు అర గ్రాము కూడా ఉండదు. దాన్ని పక్కనున్న కాగితమే పీల్చేస్తుంది. అసలు నీరు ఆ కాగితంలోనే ఉంది. డబ్బాలోని మాన్యువల్‌లూ కవరు కాగితాలూ కలిపి ముప్పావు కిలో ఉంటాయనుకోండి. 75 శాతం తేమలో ఉన్న కాగితం తన బరువులో పదో వంతు దాకా నీరు పట్టి ఉంచుతుంది. దాన్ని 45 శాతానికి దించాలంటే పాతిక గ్రాముల నీరు బయటికి రావాలి. అందుకు సిలికా జెల్ నూరు గ్రాములకు పైనే కావాలి. చెప్పుల పెట్టెలో వచ్చే చిటికెడు పొట్లాలు నాలుగు పడేసి, సిలికా జెల్ పనిచేయదని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. పైగా ఆ పొట్లాలు మన చేతికొచ్చేసరికే నిండిపోయి ఉంటాయి.

అంటే డబ్బా మంచిదే, లోపలికి వెళ్లేది పొడిగా ఉంటే. చెమ్మపట్టిన మాన్యువల్‌లతో సహా మూత బిగిస్తే తడి గరిటె ముంచిన ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టే. ముందు ఏసీ గదిలో కేసులు తెరిచి, పుస్తకాలను విప్పి, రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఎండలో వద్దు, అచ్చు రంగులు వెలిసిపోతాయి. వీలైతే ఈ పని మాఘ, ఫాల్గుణ మాసాల్లో చేయండి, శ్రావణంలో కాదు.

సెరంగూన్ తెలుగు, సింగపూర్

ఇక్కడ ఏడాది పొడవునా వానాకాలమే. కెమెరాలు ఉన్నవాళ్లు చాలామంది ‘డ్రై కేబినెట్’ అనే చిన్న కరెంటు బీరువా కొంటారు. 45 శాతం అని పెట్టి వదిలేస్తే అదే చూసుకుంటుంది, కరెంటు కూడా చాలా తక్కువే తింటుంది. నేను డిస్కులకూ అదే వాడుతున్నాను. లెన్సుల పక్కనే ప్లేస్టేషన్ 1 డిస్కులు. సిలికా జెల్‌ను మాటిమాటికీ వేడిచేసి ఆరబెట్టే ఓపిక ఎంతమందికి ఉంటుంది? మొదటి ఏడాది చేస్తారు, రెండో ఏడాది మరిచిపోతారు.

గోదారి గేమర్, కాకినాడ

అన్నా, మీకు కరెంటు పోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మీ డ్రై కేబినెట్ ఉత్త బీరువా. ఏసీ కూడా అంతే. తేమ నూటికి దగ్గర పడే రోజులే అవి, సరిగ్గా అప్పుడే మీ యంత్రం నిద్రపోతుంది. మూత బిగించిన డబ్బాకు కరెంటుతో పని లేదు.

సెరంగూన్ తెలుగు, సింగపూర్

తమ్ముడూ, దాని తలుపుకూ రబ్బరు అంచు ఉంటుంది. కరెంటు పోయినా తలుపు తీయకుండా ఉంటే కొన్ని రోజులు లోపలి తేమ మెల్లగానే పెరుగుతుంది. ధర ఎక్కువంటే ఒప్పుకుంటాను, కరెంటు వాదన మాత్రం ఒప్పుకోను.

మబ్బు ఖాతా, హైదరాబాద్

ప్లాస్టిక్కు పలకల కోసం తేమ మీటర్లు, బీరువాలు, జెల్! గేములన్నీ క్లౌడ్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోండి. మబ్బుకు బూజు పట్టదు.

ఉప్పుగాలి, విశాఖపట్నం

మబ్బుకు బూజు పట్టదు, మూతపడుతుంది. నింటెండో వారు 2023 మార్చిలో తమ వీ యూ, 3డీఎస్ గేమ్ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాలను మూసేశారు. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జులైలో మూతపడింది. ప్లేస్టేషన్ 3 దుకాణాన్ని మూస్తామని సోనీ 2021లో ప్రకటించి, జనం గొడవ చేశాక వెనక్కి తగ్గింది. డౌన్‌లోడ్ వాదనకు ఇంకో చోట చర్చ పెట్టండి, వచ్చి మాట్లాడతాను. ఇక్కడ డిస్కుల సంగతే.

పాత కాగితం గారూ, రెండు సందేహాలు. డబ్బా లోపల నిజంగా 45 ఉందో లేదో ఎలా తెలుస్తుంది? చవక తేమ మీటర్లు రెండు కొంటే ఒకటి 58, ఇంకోటి 67 చూపిస్తున్నాయి. నీలం గింజల సిలికా జెల్ కొనవచ్చా?

పాత కాగితం, హైదరాబాద్

మీటరు పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. సీసా మూతలో వంట ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేన్ని నీటి చుక్కలు కలపండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. ఆ మూతనూ మీటరునూ కలిపి జిప్ కవరులో మూసి రాత్రంతా వదిలేయండి. ఉప్పు ముద్ద పక్కన గాలి 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 69 చూపిస్తే అది ఆరు తక్కువ చెబుతోందని అట్ట మీద రాసి అంటించండి. ఆ తర్వాత దాన్ని డబ్బాలోనే ఉంచేయండి.

నీలం గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. నారింజ రంగు గింజలు కొనండి. ఏవైనా సరే, ఆరబెట్టడానికి వంట బాణలి వాడకండి. పాత పళ్లెం ఒకటి వేరుగా పెట్టుకుని, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటలు ఉంచితే చాలు. డిస్కులు వేసే పలుచని కవర్లు పీవీసీవి అయితే మార్చేయండి. పీవీసీని మెత్తబరిచే రసాయనం కాలం గడిచేకొద్దీ ఊరి డిస్కుకు అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ కవర్లతో ఆ బాధ లేదు.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో సీడీ, డీవీడీల కోసం వేసిన పుస్తకంలో 4 నుంచి 20 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ అని చెప్పింది. 20 డిగ్రీలు మన ఇళ్లలో కుదిరే పని కాదు. తేమ వైపైనా 50 దాటకుండా చూసుకుంటే చాలావరకు గెలిచినట్టే. అలాగని మరీ 20కి దించకండి, కాగితం పెళుసెక్కుతుంది.

సీమ ఎండ, అనంతపురం

అర గ్రాము మాట ఒప్పుకుంటున్నాను. కానీ ఆడుకునేవాడి సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. డబ్బా మూత వారానికి నాలుగుసార్లు తీస్తే మీ నూరు గ్రాముల జెల్ ఎన్నాళ్లు ఆగుతుంది? ఏసీ గదిలో చల్లబడిన డిస్కును బయటి గదిలోకి తెస్తే దాని మీద నీరు పడుతుంది, అదే చేత్తో తుడిచి కన్సోల్‌లో పెడతారు. దాచుకునేవాడికి డబ్బా, ఆడుకునేవాడికి అర. రెండూ ఒకే మనిషి అయినప్పుడే గొడవ.

గోదారి గేమర్, కాకినాడ

ఈ ముక్క బాగుంది. డిస్కును కేసులోంచి తీయకుండా అరగంట ఆగితే ఆ నీటి సమస్య ఉండదు. తుడవాల్సి వస్తే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పవద్దు. గుండ్రంగా పడిన గీత సమాచారం వరుస వెంట పోతుంది కాబట్టి కన్సోల్ దాన్ని సరిదిద్దుకోలేదు.

ఉప్పుగాలి, విశాఖపట్నం

అయితే ప్లేస్టేషన్ 1 డిస్కులు, పాత మాన్యువల్‌లు డబ్బాల్లోకి. ప్లేస్టేషన్ 3, 4 డిస్కులు ఇనుప అరలో, లోపలి గోడ వైపు. సిమెంటు అల్మారా గిన్నెలకు ఇచ్చేస్తాను. చుక్కలు పడిన మాన్యువల్‌లను ఏం చేయాలి? మిగతావాటితో కలిపి పెట్టవచ్చా?

సీమ ఎండ, అనంతపురం

పారేయండి. స్కాన్ చేసి పెట్టుకోండి.

పాత కాగితం, హైదరాబాద్

పారేయవద్దు, కలపవద్దు. ముందు పూర్తిగా ఆరబెట్టండి. తడిగా ఉండగా తుడిస్తే మరక కాగితంలోకి ఇంకుతుంది. ఆరాక ఆరుబయట, ఎన్95 మాస్కు పెట్టుకుని, మెత్తని కుంచెతో ఇంటికి ఎదురు దిక్కుకు దులపండి. తర్వాత వేరే డబ్బాలో, వేరే జెల్‌తో ఉంచండి. చుక్కల మరక పోదు, పెరగకుండా ఆగుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే మాత్రం సీమ ఎండ గారి మాటే వినండి.

సీమ ఎండ, అనంతపురం

అరలో ఒక మీటరు, డబ్బాలో ఒక మీటరు పెట్టి భాద్రపదం అంతా అంకెలు రాసి ఇక్కడ వేయండి. అరలో 65 దాటకపోతే ఈ డబ్బాల ఖర్చు ఎందుకని మళ్లీ అడుగుతాను.

గోదారి గేమర్, కాకినాడ

అడగండి. మీటర్లు ఉప్పు పరీక్షలో నెగ్గినవై ఉండాలి, లేకపోతే ఆ అంకెలను నేను ఒప్పుకోను.