ఒకే పనికి రెండు ఫారం 16ఏలు: రిటర్నులో ఒకటి చూపాలా, రెండూ చూపాలా?

ప్రశ్న (ఇంటీరియర్ డిజైనర్, గుంటూరు, 2025 ఆగస్టు):
విజయవాడలోని ఒక సంస్థకు 2024 డిసెంబరులో చేసిన పనికి రూ.60,000 బిల్లు ఇస్తే, పది శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) పట్టుకుని రూ.54,000 నా ఖాతాలో వేశారు. అదే త్రైమాసికానికి ఫిబ్రవరిలో ఒక ఫారం 16ఏ (పన్ను కోసినట్టు ఇచ్చే సర్టిఫికెట్), మే నెలలో మరొకటి పంపారు. సర్టిఫికెట్ నంబర్లు వేరు, మొత్తాలు ఒక్కటే. వారి అకౌంట్స్ వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. సెప్టెంబరు 15 గడువులోగా ఏది చూపాలి?

ఆర్కిటెక్ట్, గవర్నర్‌పేట:
రెండూ కలిపి రూ.1,20,000 చూపించండి మేడమ్. చిన్న వృత్తి నిపుణులకున్న 44ఏడీఏ సెక్షన్ కింద వసూళ్లలో సగమే ఆదాయం కనుక పెరిగేది రూ.30,000, 2024-25 ఆదాయానికి కొత్త పన్ను విధానంలో ఏడు లక్షలు దాటకపోతే పన్ను ఉండదు, పైగా రూ.12,000 రీఫండు వస్తుంది. తక్కువ చూపితే నోటీసు గాని, ఎక్కువ చూపితే అడిగేదెవరు?

పన్ను రిటర్నులు చూసే ఉద్యోగి, బ్రాడీపేట:
రీఫండు దగ్గరే అడుగుతారండీ. పన్ను జమ దక్కేది మీ పేరిట కోసి ప్రభుత్వానికి కట్టిన సొమ్ముకే తప్ప చేతిలో ఉన్న కాగితాల లెక్కకు కాదు. సంస్థ తన టీడీఎస్ స్టేట్‌మెంటును సవరించినప్పుడు కొత్త నంబరుతో మళ్లీ ఫారం 16ఏ రావడం మామూలే, పాతదాన్ని పక్కన పెట్టమని చెప్పడమే చాలామంది మరచిపోతారు. ముందు 26ఏఎస్ (మీ పేరిట జమైన పన్ను చూపే ఆన్‌లైన్ పట్టిక) తెరిచి ఆ సంస్థ టాన్ (పన్ను కోసేవారి నంబరు) కింద వరుసలు చూడండి. పాత వరుస మైనస్‌తో రద్దయి, రిమార్కులో ‘బి’ (సంస్థ స్టేట్‌మెంటులో తప్పు దిద్దినట్టు గుర్తు) ఉంటే అది సవరణే. అలా కాక రెండూ ‘ఎఫ్’గా (ఫైనల్ అని) నిలిచి ఉంటే, మీరు ఇచ్చిన బిల్లు ప్రకారమే రిటర్ను వేసి, ఏఐఎస్‌లో (పన్ను శాఖ చూపే మీ వార్షిక సమాచార పట్టికలో) రెండోది డూప్లికేట్ అని ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి. ఆ ఫీడ్‌బ్యాక్‌తో 26ఏఎస్ మారదు, దాన్ని సంస్థే సవరించాలి.

ఇంటీరియర్ డిజైనర్:
చూశానండీ. డిసెంబరు 10న రూ.60,000, దాని కిందే అంతే మొత్తం మైనస్‌లో ‘బి’తో, తరువాత 20వ తేదీతో మళ్లీ రూ.60,000. వారు మార్చింది తేదీ ఒక్కటే! మే నెల ఫారం ప్రకారమే వేస్తాను.

ఆర్కిటెక్ట్:
మీ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకూ ఇలాంటిదే ఉంది; నా 26ఏఎస్‌లో మాత్రం రెండు వరుసలూ ‘ఎఫ్’గానే ఉన్నాయి, సంస్థ సవరించేదాకా గడువు దాటబెట్టుకుని కూర్చోమంటారా?

పన్ను రిటర్నులు చూసే ఉద్యోగి:
అక్కర్లేదండీ. బ్యాంకు స్టేట్‌మెంటు, బిల్లు దగ్గర పెట్టుకుని, ఆ మొత్తాన్ని ఒకసారే చూపి గడువులోగా వేయండి. ఏదైనా తేడా తేలితే 2025 డిసెంబరు 31 వరకు సవరించిన రిటర్నుకు అవకాశం ఉంది.