ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మార్చేముందు వోల్టుల మీటర్ పెట్టాల్సిందేనా? (పాత ఎంపీఎఫ్‌ఐ కారు, అంటే ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం, సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు)

బెజవాడ బండి:
నాది 2004 మోడల్ పెట్రోల్ కారు. మోడల్ పేరు చెప్తే చర్చ కంపెనీ మీదకు మళ్లుతుంది, అందుకే చెప్పట్లేదు. సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. ఎప్పుడైనా విసుగొచ్చి తాళం వదిలేసే క్షణంలో ఒక్కసారి దగ్గినట్టు అందుకుని ఆగిపోతుంది. బ్యాటరీ కొత్తదే. గతంలో ఎల్పీజీ కిట్ ఉండేది, తీసేయించాను.

మా మెకానిక్ స్కానర్ (ఈసీఎంలో నమోదైన లోపాలను చదివే పరికరం) పెట్టాడు, లోపం కోడ్ ఏమీ రాలేదు. "ఈసీఎం పోయింది, సెకండ్ హ్యాండ్‌ది తొమ్మిది వేలకు తెస్తా, వేసి చూస్తే తెలిసిపోతుంది" అంటున్నాడు. మా బావమరిది ఐటీఐ ఎలక్ట్రీషియన్. మీటర్ పెట్టకుండా ఈసీఎం మార్చడమేంటని వాడి గొడవ. ఎవరి మాట వినాలి?

ఎర్త్ వైరు:
బావమరిది మాట వినండి. చెక్ ఇంజన్ లైటు సంగతి మీరు రాయలేదు, అన్నిటికంటే అదే ముఖ్యం. తాళం ఆన్‌లో పెట్టగానే ఆ లైటు వెలగాలి. వెలిగితే ఈసీఎంకు కరెంటు అందుతున్నట్టే. వెలగకపోతే దాని ఫ్యూజు, మెయిన్ రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బా), ఎర్త్ పాయింట్లు చూడాలి. అప్పుడు కూడా ఈసీఎం జోలికి వెళ్లక్కర్లేదు.

లైటుతో పాటే వెనక పెట్రోల్ ట్యాంకులో పంపు రెండు మూడు సెకన్లు సన్నగా మోగి ఆగాలి. ఆ ఆగడం జబ్బు కాదు. సెల్ఫ్ కొట్టాక, ఇంజన్ తిరుగుతోందని సెన్సార్ నుంచి సిగ్నల్ వస్తేనే ఈసీఎం పంపును మళ్లీ నడుపుతుంది. ఇది తెలియక మంచి పంపులు తీసి పారేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక మీటర్ పెట్టేవాళ్లలో కూడా ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. సెల్ఫ్ కొట్టకుండా కొలుస్తారు. లోపల ఒకే ఒక్క రాగి పోగు మిగిలిన వైరు కూడా మీటర్‌కు నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ లాగే కరెంటు దాదాపు శూన్యం. లోడ్ పడితేనే గుట్టు బయటపడుతుంది. గేర్ న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు కొలవండి. బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర 9.6 కంటే దిగకూడదు. బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజన్ బ్లాక్‌కూ మధ్య అర వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ పని పట్టండి. ఆ తర్వాత ఈసీఎంకు వెళ్లే ఇగ్నిషన్ ఫ్యూజు దగ్గర కొలవండి, అదీ సెల్ఫ్ తిరుగుతుండగానే.

ఆటోనగర్ షెడ్డు:
ఇక్కడ అందరూ మెకానిక్‌లను తిట్టడానికి రెడీగా ఉంటారు, మా వైపు కూడా వినండి. కస్టమర్ పార్టుకు డబ్బిస్తాడు, టైముకు ఇవ్వడు. గంటసేపు డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకుని లూజ్ కాంటాక్ట్ పట్టుకుంటే, "వైరు బిగించడానికి ఐదు వందలా?" అని మొహం మీదే అడుగుతాడు. అదే తొమ్మిది వేల పార్టు వేస్తే నోరు మెదపకుండా ఇస్తాడు. మరి మమ్మల్ని ఏం చేయమంటారు?

పైగా పార్టు మార్చి చూడటం తప్పేమీ కాదు. షెడ్డులో బాగున్న కాయిల్, రిలే, సెన్సార్ ఉంటే పెట్టి చూడటానికి పది నిమిషాలు చాలు. వైరింగ్ డయాగ్రాం లేని పాత బండికి మీటర్‌తో వైరు వైరు వెతకడం అందరివల్లా కాదు.

ఖమ్మం ట్యాక్సీ:
షెడ్డు అన్న చెప్పింది నిజమే. అదే సైజు, అవే కాళ్ల (పిన్నుల) లెక్క ఉన్న హారన్ రిలే తీసి పంపు రిలే స్థానంలో పెట్టి రోడ్డు మీద ఎన్ని బళ్లు లేపామో! కానీ రిలే వేరు, ఈసీఎం వేరు. ఇమ్మొబిలైజర్ (సొంత తాళం కాకపోతే ఇంజన్‌ను లేవనివ్వని ఏర్పాటు) ఉన్న బండి అయితే వేరే బండి ఈసీఎం తెచ్చి పెట్టినా తాళాన్ని గుర్తుపట్టదు, మళ్లీ కోడింగ్ చేయించాలి. అప్పుడు పాతది పోయిందో కొత్తది పనికిరాదో కూడా తేలదు.

బండి చాలా రోజులు నిలబెడితే వైర్లు కొరికే ఎలుకల సంగతి కూడా చూసుకోండి.

కోడ్ రీడర్:
స్కానర్‌ను అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. కోడ్ లేదంటే పని అయిపోయినట్టు కాదు, లైవ్ డేటా (ఆ క్షణంలో ఈసీఎం చూస్తున్న అంకెలు) చూడాలి. సెల్ఫ్ కొడుతుంటే ఆర్పీఎం 200, 250 చూపించాలి. సున్నా దగ్గరే ఉంటే క్రాంక్ సెన్సార్ (ఇంజన్ తిరుగుతోందని ఈసీఎంకు చెప్పేది), దాని వైరు చూడండి. బానెట్ ఎత్తకుండానే సగం పని అయిపోతుంది. మీటర్ బ్యాచ్‌కు ఇది మింగుడుపడదు.

ఎర్త్ వైరు:
కోడ్ రీడర్ గారూ, లైవ్ డేటా విషయంలో మీతో పేచీ లేదు. కానీ ఇది 2004 బండి. మన దగ్గర ఓబీడీ-2 (స్కానర్‌తో మాట్లాడటానికి అన్ని కంపెనీలకూ ఒకే పద్ధతి) తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందు బళ్లలో ఒక్కో కంపెనీది ఒక్కో భాష. స్కానర్ సాకెట్‌లో పిన్నులు పదహారు ఉన్నంత మాత్రాన ఆన్‌లైన్‌లో కొన్న చవక బ్లూటూత్ రీడర్ మాట్లాడుతుందని గ్యారంటీ లేదు. మారుతీ 800 ఎంపీఎఫ్‌ఐ లాంటి వాటిలో డయాగ్నసిస్ టెర్మినల్‌ను (లోపాలు తెలుసుకునే పిన్నును) ఎర్త్‌కు కలిపితే చెక్ లైటే మిణుకుమంటూ కోడ్ చెప్పేది, కోడ్ 12 వస్తే లోపం ఏదీ నమోదు కాలేదని లెక్క. అయినా "నాకు కరెంటే అందలేదు" అని కోడ్ రాసుకోవాలన్నా ఈసీఎంకు కరెంటు ఉండాలి కదా!

షెడ్డు గారి డబ్బుల మాట మాత్రం న్యాయమైనదే. చెకింగ్‌కు వేరే చార్జీ ముందే మాట్లాడుకోవాలి. డాక్టరుకు ఫీజిచ్చి టెస్టులకు కూడా డబ్బు కడతాం, మెకానిక్ దగ్గరకొచ్చేసరికి ఆ రూలు మర్చిపోతాం.

కోడ్ రీడర్:
సెల్ఫ్ కొట్టిన క్షణంలో స్కానర్‌కూ ఈసీఎంకూ లింకు తెగిపోతే అదీ ఒక ఆధారమే. స్కానర్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే సాకెట్‌లో పదహారో పిన్నుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వస్తుంది. బెజవాడ బండి గారూ, మీ మెకానిక్ సెల్ఫ్ కొడుతూ చూశాడా?

బెజవాడ బండి:
లేదు, ఆన్‌లోనే చూశాడు.

మా బావమరిదితో కూర్చున్నాను. ఆన్‌లో చెక్ లైటు వెలుగుతోంది, పంపు మోగి ఆగుతోంది. సెల్ఫ్ కొట్టగానే చెక్ లైటు పూర్తిగా ఆరిపోతోంది! బ్యాటరీ 10.4 దగ్గర నిలబడింది, ఎర్త్ బాగుంది. ఇగ్నిషన్ ఫ్యూజు దగ్గర ఆన్‌లో 12.3, సెల్ఫ్ తిరుగుతుంటే 2 కూడా లేదు.

స్టీరింగ్ కింద కవర్ విప్పితే గ్యాస్ కిట్ వాళ్ల పాత జాయింటు కనిపించింది. టేపు కరిగి జిగురైపోయింది, లోపల రాగికి పచ్చని చిలుము. దొంగ దొరికాడనుకుని శుభ్రం చేసి మళ్లీ కలిపాం. తేడా లేదు. ఇప్పుడేంటి?

ఎర్త్ వైరు:
ఆ జాయింటు ఎప్పటికైనా ముంచేదే, బాగుచేయడం మంచిదైంది. ఇక తాళం స్విచ్ వెనక సాకెట్ దగ్గర కొలవండి. సెల్ఫ్ తిరుగుతుండగా లోపలికి వచ్చే మందపాటి వైరులో 10 పైన ఉండి, ఇగ్నిషన్ వైపు వెళ్లే వైరులో లేకపోతే స్విచ్ లోపలి కాంటాక్ట్ అరిగిందని అర్థం. స్టార్ట్ స్థానంలో సెల్ఫ్‌కూ ఇగ్నిషన్‌కూ రెండిటికీ ఆ స్విచ్చే కరెంటివ్వాలి. తాళం వదిలినప్పుడు అందుకుంటోందని మొదట్లోనే రాశారు కదా, సెల్ఫ్ ఆగి ఇగ్నిషన్ తిరిగొచ్చే ఆ క్షణంలో ఇంజన్ ఇంకా తిరుగుతూ ఉంటుంది, అందుకే ఆ దగ్గు. మీటర్ మొనతో సాకెట్ రంధ్రాల్లో పొడవకండి, లోపలి రేకులు వెడల్పై కొత్త లూజ్ కాంటాక్ట్ తయారవుతుంది. వెనక నుంచి వైరు పక్కన సన్నని పిన్ను పెట్టండి.

బెజవాడ బండి:
వచ్చే వైరులో 10.3, వెళ్లే వైరులో 1.8. ఫ్యూజుకు బయటి నుంచి కరెంటిచ్చి చూడొచ్చా అని బావమరిది అడుగుతున్నాడు.

ఎర్త్ వైరు:
చూడొచ్చు. బ్యాటరీ నుంచి మధ్యలో ఫ్యూజు ఉన్న వైరు వాడండి. ఇంజన్ అందుకుంటే స్విచ్చే అని ఖాయం. చూశాక ఆ వైరు తప్పకుండా తీసేయండి, ఉంచితే తాళం తీసినా ఇంజన్ ఆగదు.

ఆటోనగర్ షెడ్డు:
చూశారా, చివరికి మీరూ పార్టు మార్చడానికే వచ్చారు. 😄

ఎర్త్ వైరు:
వచ్చాం, ఏ పార్టో తెలుసుకుని వచ్చాం. అది పది నిమిషాల పని కూడా కాలేదు, డయాగ్రాం కూడా అడగలేదు.

బెజవాడ బండి:
అందుకుంది! మొదటి దెబ్బకే. వైరు తీసేశాం. మెకానిక్‌కు ఫోన్ చేస్తే "ఈసీఎం కూడా వీక్ అయి ఉంటుంది, ఎందుకైనా మంచిది మార్చేద్దాం" అంటున్నాడు.

ఆటోనగర్ షెడ్డు:
ఈ మాటకు మాత్రం నేను మద్దతివ్వను. చాలా బళ్లలో తాళం సిలిండర్ వేరు, వెనక కరెంటు స్విచ్ వేరు, ఆ స్విచ్ ఒక్కటే మారుస్తే పాత తాళమే పనిచేస్తుంది. పాత సామాన్ల కొట్లో వెతక్కండి, వాటి కాంటాక్ట్‌లూ మీదాని అంత అరిగే ఉంటాయి. కొత్తదే తీసుకోండి. బిగించేముందు బ్యాటరీ నెగటివ్ తీయడం మర్చిపోవద్దు.