బీఎడ్ ఇంటర్న్‌షిప్: 16 వారాలు బడిలో ఉండాలా, తగ్గించాలా?

హంద్రీ గట్టు, కర్నూలు
2014లో ఎన్‌సీటీఈ (ఉపాధ్యాయ విద్యకు జాతీయ మండలి) తెచ్చిన నిబంధనలతో బీఎడ్ రెండేళ్లయింది, బడిలో గడపాల్సిన కాలం 20 వారాలయింది. అందులో 16 రెండో ఏడాదిలోనే. ట్రైనీలు చాలామంది దీన్ని ఎలాగోలా దాటాల్సిన గండంగానే చూస్తున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. డీఎస్సీలో రాతపరీక్షకు 80, టెట్ వెయిటేజీకి 20 మార్కులు. పాఠం చెప్పి చూపించినందుకు ఒక్క మార్కూ లేదు. అలాంటప్పుడు నంద్యాల కోచింగ్‌కు పోతేనే మేలనుకుంటారు కదా. 8 వారాలు చాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

పెన్న ఒడ్డు, కడప (గణితం)
ఒప్పుకోను అన్నా. కాలేజీలో మైక్రో టీచింగ్, అంటే చిన్న పాఠంతో సాధన, చేయిస్తారు: బోధనకు 6 నిమిషాలు, సలహాలకు 6, మళ్లీ ప్లాన్‌కు 12, తిరిగి బోధనకు 6, తిరిగి సలహాలకు 6. బాగానే ఉంటుంది. కానీ అక్కడ పిల్లల వేషంలో కూర్చునేది తోటి ట్రైనీలు. వాళ్లు 1/2 + 1/3 అంటే 2/5 అని చెప్పరు. ఆరో తరగతిలో సగం మంది అదే చెప్తారు, పైవి పైవి, కిందివి కిందివి కలిపేస్తారు కాబట్టి. కసాగు సూత్రం బోర్డు మీద రాస్తే ఆ తప్పు పోదు. ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలు తీసుకుని ఒకటి రెండుగా, ఇంకోటి మూడుగా మడిపించాలి. తర్వాత రెండింటినీ ఆరు భాగాలు చేయించాలి. 3/6, 2/6 కళ్లెదుట కనబడతాయి. అప్పుడు అడగాలి: "2/5 సగం కన్నా తక్కువే కదా, సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా?" ఆ ప్రశ్నతో కొందరు మారతారు, కొందరు మారరు. మారనివాళ్లను గుర్తుపట్టి మళ్లీ చెప్పడానికి అయిదారు పీరియడ్లు కావాలి. 8 వారాల్లో పిల్లల పేర్లు వచ్చేసరికే గడువు అయిపోతుంది.

అనంత జీవశాస్త్రం
అసలు విసుగు బడి మీద కాదు సార్, రికార్డుల మీద. పీరియడ్ ప్లాన్, అబ్జర్వేషన్ రికార్డు, చార్టులు, వీటికే సాయంత్రాలన్నీ పోతాయి. అందుకే సీనియర్ల రికార్డు తెచ్చి తేదీ మార్చి ఎక్కిస్తారు. సూపర్‌వైజర్ పది నిమిషాలు కూర్చుని "వాయిస్ బాగుంది, చార్ట్ బాగుంది" అని రాసి సంతకం పెడతారు. దాంతో ట్రైనీకి తెలిసేదేమీ లేదు.

చూసేవాళ్లు మూడే రాయాలి: ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఎవరు జవాబు చెప్పారు, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎన్ని సెకన్లు ఆగారు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు గమనించినదాని ప్రకారం టీచర్లు మామూలుగా ఒక సెకను కూడా ఆగరు. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, వెనకబడిన పిల్లలూ నోరు విప్పుతారు. "ఆకు కిందివైపే పత్రరంధ్రాలు ఎందుకెక్కువ?" అని అడిగి ఆగాలి, ఆ తర్వాతే పేరు పిలవాలి. పేరు ముందే పిలిస్తే మిగతా 39 మంది ఆలోచించడం మానేస్తారు. ఇక "అర్థమైందా?" అన్నది ప్రశ్నే కాదు, "అయింది సార్" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంటుంది.

ఆదోని రూటు
వారాల లెక్క కన్నా ఏ నెలల్లో పంపుతున్నారన్నది ముఖ్యం. కోసిగి, కౌతాళం వైపు పత్తి, మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు వలస పోతాయి, పిల్లలూ వెంట పోతారు. ఆ నెలల్లో వెళ్లిన ట్రైనీ ఖాళీ బెంచీలకే పాఠం చెప్పాలి. ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లలూ ఉంటారు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు, రెండూ వాళ్ల ఇంటి భాష కావు. దీనికి ఏ ప్లాన్ నమూనాలోనూ చోటు లేదు. పైగా సెలవులో ఉన్న టీచర్ల పీరియడ్లన్నీ ట్రైనీల మీద వేస్తే అది శిక్షణ అనిపించుకోదు.

హంద్రీ గట్టు, కర్నూలు
పట్టీల ఉదాహరణతో 8 వారాల మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ 16 వారాలూ ఉండాలంటే రికార్డులు సగానికి తగ్గాలి, గైడ్ టీచర్ (ట్రైనీకి దారి చూపే ఆ బడి టీచర్) వారానికి రెండు పూర్తి పీరియడ్లు వెనక బెంచీలో కూర్చోవాలి. ఆ రెండు పీరియడ్లు ఆయన టైంటేబుల్లో ఎక్కడ దొరుకుతాయో చెప్పండి.

అనంత జీవశాస్త్రం
ట్రైనీ చెప్పేది ఆయన పీరియడ్‌లోనే కదా సార్. ఆ సేపు స్టాఫ్‌రూమ్‌కు పోకుండా క్లాసులోనే కూర్చుంటే సరిపోతుంది.